మూడో విన్యాసం

విమానాలుంచే హ్యాంగర్ వెనక ఎండుగడ్డిలో తేజశ్రీ ఒక్కతే నడుస్తోంది.

అది మామూలు నడక కాదు. కళ్ళు సగం మూసుకుని, కుడి అరచేతిని విమానంలా చాపి, కొన్ని అడుగులు ముందుకు వేసి, చేతిని నిటారుగా పైకెత్తి, మడమ మీద గిర్రున తిరిగి, మళ్ళీ చేతిని నేలవైపు దించుతోంది. తెలియనివాళ్ళు చూస్తే పిల్లకు పూనకం వచ్చిందనుకుంటారు. ఆకాశంలో విన్యాసాలు చేసే పైలట్లకు మాత్రం ఇది రోజూ ఉండే పనే. పైన చేయబోయేదంతా ముందు నేలమీద నడిచి ఒంటికి అలవాటు చేసుకుంటారు. అరచెయ్యి బోర్లా ఉంటే విమానం మామూలుగా వెళ్తున్నట్టు. వెల్లకిలా తిప్పితే తలకిందులుగా వెళ్తున్నట్టు.

కావేరి టీ గ్లాసు పట్టుకుని హ్యాంగర్ మూల దగ్గర ఆగింది. తేజశ్రీ తన శిష్యురాలు. విమానం ఎక్కడం దగ్గర్నుంచి అన్నీ తనే నేర్పింది. మొదట ముచ్చటగానే చూసింది. పిల్ల భుజం ఎంత నిలకడగా ఉందో అనుకుంది. రెండో విన్యాసం అయింది. మూడోది మొదలైంది. చెయ్యి నిట్టనిలువుగా పైకి లేచి, ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగి, పక్కకు ఒరిగి, కిందికి జారుతూ ఒక చుట్టు తిరిగింది. అక్కడ ఎవరైనా చేతిని బోర్లా తిప్పి ఆపుతారు. తేజశ్రీ అరచేతిని వెల్లకిలా తిప్పి, వచ్చిన దారికి ఎదురు దిక్కున బయటికి నెట్టింది.

గ్లాసు కావేరి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆ మలుపు ఈ భూమ్మీద ఇద్దరికే తెలియాలి. ఒకరు తను. రెండోవారు చీఫ్ జడ్జి సదాశివరావు.

జాతీయ పోటీల్లో ఆఖరి రోజు పరీక్షను అన్‌నోన్ అంటారు. ఎవరూ ముందుగా చూడని విన్యాసాల వరస అది. ఆ రోజు ఉదయం సీలు వేసిన కవరు విప్పి పైలట్లకు ఇస్తారు. గాలిలో ఒక్కసారి కూడా సాధన చేయకుండా మధ్యాహ్నం నేరుగా ఎగరాలి. ముందుగా చూసినట్టు తేలితే ఆ పైలట్‌ను ఇక ఏ పోటీకీ రానివ్వరు. ఈ ఏడు ఆ వరసను తయారుచేసే పని కావేరికి ఇచ్చారు. ఇంతవరకు ఏ ఆడమనిషికీ ఆ పని అప్పగించలేదు. కవరు సదాశివరావు గదిలో ఇనుప బీరువాలో ఉంది. అన్‌నోన్ ఎల్లుండి.

తేజశ్రీ కళ్ళు తెరిచింది. కావేరిని చూసింది. చాపిన చెయ్యి చటుక్కున కిందికి పడిపోయింది.

"నమస్తే మేడమ్," అని, సమాధానం కోసం ఆగకుండా హ్యాంగర్ లోపలికి వెళ్ళిపోయింది.

కావేరికి అనుమానం కొత్త కాదు. అనుమానమే తనను ఇన్నేళ్ళు బతికించిందని ఆమె నమ్మకం. ఒకసారి, అప్పటికింకా పేరు రాని రోజుల్లో, విమానం ఎక్కబోతూ తోకను ఊపి చూస్తే లోపల ఎక్కడో టక్కుమని చప్పుడైంది. విప్పి చూస్తే ఎవరో మరిచిపోయిన స్పానర్. తలకిందులుగా ఎగిరినప్పుడు అది జారి తీగల మధ్య ఇరుక్కుని ఉంటే కావేరి అనే మనిషి ఉండేది కాదు. ఆ రోజునుంచి ఆమె ప్రతి బోల్టునూ అనుమానించింది. తర్వాత తర్వాత మనుషుల్ని కూడా.

ఆమెది తణుకు. కలెక్టరవుతుందని ఇంట్లోవాళ్ళు ఢిల్లీ పంపారు. కరోల్ బాగ్‌లో ఇరుకు గది, ముగ్గురు అమ్మాయిలు, మూడు మంచాలు, మధ్యలో నిలబడడానికే చోటు. పొద్దున కోచింగ్, సాయంత్రం కోచింగ్. ఒక ఆదివారం ఎవరో పిలిస్తే ఫ్లయింగ్ క్లబ్ చూడడానికి వెళ్ళింది. అక్కడ ఒక శిక్షకుడు వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే పైకి తీసుకెళ్ళి విమానాన్ని తలకిందులుగా తిప్పి చూపిస్తున్నాడు. మిగతావాళ్ళు దిగి వాంతులు చేసుకున్నారు. కావేరి మాత్రం సీటు బెల్టు విప్పకుండా "ఇంకోసారి తిప్పుతారా?" అని తెలుగులోనే అడిగేసింది. ఆయన వెనక్కి తిరిగి "ఏ ఊరమ్మాయ్ మనది?" అన్నాడు. ఆయనే సదాశివరావు. కాకినాడ మనిషి.

కోచింగ్ పుస్తకాలు ఆ తర్వాత తెరవలేదు. ఏళ్ళు గడిచాయి. మహిళల టైటిల్ వరసగా ఆమెకే వచ్చింది. ఒక ఏడు మగవాళ్ళతో కలిసి ఎగిరి అందరికన్నా పైన నిలిచింది. విదేశం వెళ్ళి వెండి పతకం తెచ్చింది. ఎన్ని కప్పులు తెచ్చినా, ప్రతి కప్పు వెనకా ఒక గుసగుస నడిచొచ్చేది. "జడ్జి ఎవరనుకున్నావ్? సదాశివరావు. దోనో మద్రాసీ హై నా." ఇద్దరూ దక్షిణాదివాళ్ళేగా అని ఎదురుగా ఎవరూ అనలేదు. క్యాంటీన్‌లో ఆమె రాగానే మాట మారేది, అంతే. అన్నవాడి మీద అరవడానికి ఉంటుంది గానీ, మాట మార్చినవాణ్ణి ఏం చేస్తాం?

రెండేళ్ళ కిందట మెడలో ఎముకలు అరిగాయని, ఇక ఇలా ఎగిరితే చేతులు పడిపోతాయని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఆమె ఆశంతా తేజశ్రీ మీదే. పిల్ల తల్లిదండ్రులది వరంగల్ దగ్గర పల్లె. తండ్రి నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పిల్ల ఇక్కడే పెరగడంతో సగం తెలంగాణ, సగం హిందీ. నోయిడాలో కావేరి ఫ్లాటుకు వచ్చినప్పుడల్లా కావేరి తల్లి హైమవతిని "అమ్మమ్మా" అని పిలిచి, వంటింట్లో గట్టు మీద ఎక్కి కూర్చుని పెరుగన్నం తినేది.

ఆ పిల్లేనా?

మధ్యాహ్నం కావేరి ఒక పరీక్ష పెట్టింది. క్యాంటీన్‌లో నలుగురు కుర్ర పైలట్లతో కూర్చుని, తేజశ్రీ పక్క బల్ల దగ్గర ఉండగా, కావాలనే గొంతు పెంచింది.

"అన్‌నోన్‌లో మొదటి రెండు ఫిగర్లు ఎవరైనా చేస్తారు. మూడో దగ్గరే బోల్తా పడతారు. ఎప్పుడూ అంతే."

కుర్రాళ్ళు నవ్వారు. తేజశ్రీ నవ్వలేదు. పరాఠా ముక్క తుంచబోయిన చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. మెల్లగా తలెత్తి కావేరి వంక చూసింది. ఆ చూపులో భయం ఉంటుందనుకుంది కావేరి. భయంలాగే ఉంది. కానీ ఇంకేదో కూడా ఉంది. అదేమిటో పట్టుకునేలోపే పిల్ల లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఉదయం హైమవతి ఎవరి చేతో పంపితే కావేరి పిల్లకు ఇప్పించిన పులిహోర డబ్బా, మూత కూడా తీయకుండా, కావేరి బల్ల చివరికే తిరిగొచ్చి ఉంది.

ఇక నిలవలేక సాయంత్రమే కారు తీసింది. గురుగ్రామ్ దాటాక ఆవ చేల మధ్య ఉంది ఆ ఎయిర్‌స్ట్రిప్. అక్కణ్ణుంచి నోయిడా చేరేసరికి ప్రాణం విసిగిపోతుంది. ఏర్పాట్లు చూసుకోవాలని మొన్నటినుంచి ఆమె అక్కడి గెస్ట్‌రూమ్‌లోనే ఉంటోంది. అంటే ఈ రోజుల్లో ఫ్లాటులో అమ్మ ఒక్కతే. దారి పొడవునా కావేరి ఒకటే తవ్వుకుంటూ వచ్చింది. వరసను గీసింది ఇంట్లో భోజనాల బల్ల మీద. తుది కాగితాన్ని తన చేత్తో కవరులో పెట్టి సీలు వేసింది. చిత్తు కాగితాలన్నీ గ్యాసు పొయ్యి మీద కాల్చింది. "ఇంట్లో కాగితాలు కాలుస్తావేమిటే, అరిష్టం!" అని అమ్మ కేకలేసింది కూడా. మరి ఎక్కడ జారింది?

తలుపు తీయగానే హైమవతి మొహం వెలిగిపోయింది. "వచ్చావా! నీకోసమే చూస్తున్నా. ఒక మాట చెప్పాలే నీకు."

"అదలా ఉంచు. నేను లేనప్పుడు తేజశ్రీ ఇక్కడికొచ్చిందా?"

"వచ్చింది. ఆవకాయ సీసా పట్టుకెళ్ళమని నేనే పిలిచా."

"లోపలికొచ్చిందా?"

"రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే బొమ్మలా నిలబడిపోయింది. ఫోన్లో ఏదో చూసుకుంటోంది. మొహం మాడిపోయి ఉంది పిల్లది. ఇంట్లో ఎవరైనా తిట్టారేమో."

"నువ్వు సీసా తేవడానికి వంటింట్లోకి వెళ్ళావా?"

"వెళ్ళకపోతే ఆవకాయ దానంతటదే నడిచొస్తుందా?"

"తలుపు?"

"తీసే ఉంది. ఏం?"

"నా గది గుమ్మానికి ఆనుకునే ఉంది కదమ్మా. నువ్వు వంటింట్లో ఎంతసేపున్నావు?"

హైమవతి నడుం మీద చెయ్యి వేసుకుంది. "కలెక్టరువి కాలేదు గానీ పోలీసువి బాగానే అయ్యావు. ఆ పసిదాన్నా నువ్వు అనుమానించేది? కూర్చో. అన్నం పెడతా. అసలు నేను చెప్పబోయేదేమిటంటే..."

"ఇప్పుడొద్దమ్మా."

హైమవతి నోరు మూసుకుంది. ఆ మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోవడం కావేరి చూడలేదు. ఆమె తన గదిలో సొరుగులు లాగి చూస్తోంది. అన్నీ సర్దినట్టే ఉన్నాయి. మరీ సర్దినట్టున్నాయని కూడా అనిపించింది. అనుమానం పట్టుకున్నాక ఖాళీ సొరుగు కూడా సాక్ష్యమే.

మర్నాడు ఉదయం ఆమె తేజశ్రీని తన కారు దగ్గరికి పిలిచింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. దూరంగా మెకానిక్‌లు ఒక విమానాన్ని తోసుకుంటూ వెళ్తున్నారు.

"నీ అంతట నువ్వే వచ్చి చెప్తావని ఒక రాత్రి ఆగాను," అంది కావేరి.

తేజశ్రీ కళ్ళు దించలేదు. "నేను గూడ గదే అనుకున్న మేడమ్. మీరే చెప్తరేమోనని."

"నేనా? నేనేం చెప్పాలి?"

"ఎందుకు చూపించిన్రో."

"ఏం మాట్లాడుతున్నావు? నా గదిలోకి వెళ్ళి..."

"మీ గదిలకు నేను పోలే!" పిల్ల ఒక అడుగు ముందుకేసింది. "మీ గుమ్మం గూడ దాటలే. దాటుడెందుకు? బయటనే పెట్టిన్రు కదా. ఫ్లోర్ మీద. నన్ను రమ్మన్న దినమే. ఔర్ కిస్కే లియే హోగా? నాకు గాకపోతే ఇంకెవలికి?"

ఆమె ఫోన్ తీసి కావేరి మొహం ముందు పెట్టింది.

ఫోటోలో తమ ఫ్లాటు గుమ్మం. తెల్లటి టైల్స్ మీద కాస్త నల్లమన్ను అలికి, ఆ పైన పిండితో వేసిన ముగ్గు. ఒక మూల చిన్న గుండ్రటి చుక్క. అక్కడ మొదలైన గీత వంపు తిరిగి, పైకి లేచి, ఒరిగి, దిగి, మెలికలు మెలికలుగా సాగి, ఆఖర్న చిన్న అడ్డగీతతో ఆగింది. మధ్యమధ్య ఎర్రటి గీతలు, జాజుమట్టితో, విడివిడిగా.

పైలట్లు విన్యాసాలను రాసుకునే పద్ధతి అచ్చం అదే. చుక్క దగ్గర ఎత్తుకోవాలి. అడ్డగీత దగ్గర ముగించాలి. నల్ల గీతంటే విమానం మామూలుగా ఉన్నట్టు, విడివిడి ఎర్రగీతంటే తలకిందులైనట్టు. గుమ్మంలో నల్లటి గీతల బదులు తెల్లటి పిండి గీతలు, అంతే తేడా. మూడో విన్యాసం, ఆ ఎదురు దిక్కు మలుపుతో సహా, అక్కడుంది. రెండు చివర్లా రెండు తామరపువ్వులు కూడా ఉన్నాయి.

కావేరి ఫోటోను పెద్దది చేసి ఆ మలుపును మళ్ళీ చూసింది.

"ఫస్ట్ ముగ్గే అనుకున్న," తేజశ్రీ చెప్పుకుపోతోంది. "తర్వాత సర్కిల్ కనబడ్డది. ఆఖరికి గీత కనబడ్డది. అయినా నమ్మలే. మా మేడమ్ గిట్ల చెయ్యదనుకున్న. గందుకే హ్యాంగర్ ఎన్క నడిచి చూసిన. ఉత్త ముగ్గయితే ఎక్కడో ఒక కాడ స్పీడు సచ్చిపోవాలె. కింద పడాలె. ఎక్కడ పడలే మేడమ్. మొత్తం ఎగిరింది. గప్పుడు సమజైంది, ఇది అన్‌నోనే అని."

"సదాశివరావు గారికి చెప్పొచ్చు కదా?"

"చెప్తే మీ పేరు పోతది. చెప్పకపోతే నాది పోతది. అందుకే పేరు వాపస్ తీసుకుందామనుకున్న." మోచేత్తో మొహం తుడుచుకుంది. "ఇంకోటి చెప్పాల్నా? మీ కప్పులన్నీ యాదికొచ్చినయ్. క్యాంటీన్‌ల అందరూ అనేది యాదికొచ్చింది. గవి గూడ గిట్లనే వచ్చినయా అని."

క్యాంటీన్‌లో నిన్న ఆ చూపులో పట్టుకోలేకపోయింది ఇదేనని కావేరికి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఎదురుగా అనని మాట, తను చేయిపట్టి నేర్పిన పిల్ల నోట వచ్చింది.

కావేరి తన ఫోన్ తీసి, ఇంటికి కలిపి, స్పీకర్ పెట్టింది.

"అమ్మా, మొన్న గుమ్మంలో ఏం ముగ్గేశావు?"

"ఇప్పటికడిగావా!" హైమవతి గొంతు అలకగా వచ్చింది. "అదే చెప్పబోతే రాత్రి నోరు మూయించావు కదా. నువ్వేసిన ముగ్గేనే తల్లీ."

"నేనేసిందా?"

"క్యాలెండర్ నించి నేను చింపిన కాగితం వెనక వేసి, పళ్ళబుట్ట కింద పెట్టలేదూ? చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. నలభై దాటాయి నీకు, ఏనాడన్నా ముగ్గుపిండి వేళ్ళతో పట్టావా? చిన్నప్పుడు రథం ముగ్గు నేర్పబోతే గోడ దూకి పారిపోయావు. అమ్మ ముచ్చటపడుతుందని వేసి, చెప్పడానికి సిగ్గుపడ్డావనుకున్నా. ఎర్రగీతలు కూడా గీశావు, అచ్చం జాజు పెట్టినట్టు. కాకపోతే ఒక్క చుక్క పెట్టి వదిలేశావు. ఒంటిచుక్క ముగ్గు మన వైపు ఎవరు వేస్తారే? అటూ ఇటూ మొండిగా ఉందని నేనే రెండు తామరపువ్వులు పెట్టా. ఎదురింటి చాందిని చూసి ఎంత బాగుందందో. ఆ ఊడ్చే అమ్మాయి గంటలో తుడిచిపారేసిందనుకో. ఏం, బాగా రాలేదా?"

"బాగా వచ్చిందమ్మా," అంది కావేరి.

ఫోన్ పెట్టేసింది. ఆ కాగితం ఇప్పుడు గుర్తొచ్చింది. అన్నిటికన్నా మొదటి చిత్తు. సదాశివరావుతో ఫోన్లో మాట్లాడుతూ చేతికందిన కాగితం మీద గీసి, తలుపు కొట్టిన చప్పుడికి లేస్తూ చటుక్కున పళ్ళబుట్ట కిందికి తోసేసింది. పొయ్యి మీద కాల్చిన కాగితాల్లో అది లేదు. ఊరందర్నీ అనుమానించిన మనిషి, తన చేతిని తాను అనుమానించలేదు.

తేజశ్రీ అంతా విన్నది. ఆమె మొహం కాస్త తేరుకుంది, పూర్తిగా కాదు. కూతురు చెప్పమన్నట్టే తల్లి చెప్పిందేమోనన్న నీడ ఇంకా ఆ కళ్ళలో ఉంది. కావేరికి కోపం రాలేదు. ఆ స్థానంలో తనున్నా అదే అనుకునేది.

ఇద్దరూ కలిసి సదాశివరావు గదికి వెళ్ళారు. తేజశ్రీని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తలుపు సగం తెరిచే ఉంచి, కావేరి లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఫోటో చూపించింది. ముసలాయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"తామరపువ్వులు బాగున్నాయి," అన్నాడు చివరికి. నవ్వలేదు. "అమ్మాయ్, ఒక్క మాట నిజం చెప్పు. పిల్ల మీద మమకారంతో నువ్వే..."

"సార్!"

"అడగాలి కదా నేను. అడగకపోతే రేపు నన్నడుగుతారు." ఫోటోను పక్కకు పెట్టాడు. "నేను నమ్ముతాను. మా అమ్మ కూడా అంతే, గోడ మీద రైలు టైంటేబుల్ కనిపించినా దానికో చుక్క పెట్టి ముగ్గేసేది. కానీ ఈ హర్యానావాళ్ళు, పంజాబువాళ్ళు నమ్ముతారా? ముగ్గంటే ఏమిటో మొదట్నుంచీ చెప్పాలి వాళ్ళకి. నీ మీద ముందే ఉన్నాయి మాటలు. నా మీదా ఉన్నాయి."

"అయితే?"

"అయితే ఏముంది? కవరు ఇంకా విప్పలేదు. రేపు గాలి ఎక్కువగా ఉంటుందని చెప్పి వరస మార్చేస్తా. రాత్రికి నేనే ఇంకోటి గీస్తా. పిల్ల ఎగురుతుంది. నీ పేరు నిలుస్తుంది. తెలిసింది మన ముగ్గురికే. ఆ ఫోటో తీసెయ్యమను."

కావేరి సగం తెరిచిన తలుపులోంచి బయటికి చూసింది. బెంచీ మీద తేజశ్రీ వీపు కనిపిస్తోంది. పిల్ల కదలకుండా కూర్చుంది. వింటోందని ఆ వీపే చెబుతోంది.

ఫోటో తీసేయొచ్చు. కానీ తీసేసిన మరుక్షణం నుంచి ఆ పిల్ల అనుకున్నది నిజమవుతుంది. తన గురువు తలుపు మూసుకుని ఇలాంటివి సర్దుకునే మనిషి అని. ఇప్పుడు కాకపోతే అప్పుడు. ఈ కప్పు కాకపోతే ఆ కప్పు, ఇలాగే తెచ్చుకుందని.

"వరస మార్చండి సార్," అంది కావేరి. "కానీ గాలని చెప్పొద్దు. రేపు ఎగిరేముందు పైలట్ల బ్రీఫింగ్‌లో నేనే చెప్తాను. కొత్త వరస మీరు కూడా గీయొద్దు. చండీగఢ్ నుంచి వచ్చిన జడ్జీల చేత గీయించండి."

"చెడ్డపేరు మొయ్యడం నువ్వనుకున్నంత తేలిక కాదమ్మాయ్."

"తెలుసు సార్. మోస్తూనే ఉన్నాను కదా, చెయ్యని వాటికి."

మర్నాడు ఉదయం బ్రీఫింగ్ హాలు నిండిపోయింది. కావేరి లేచి నిలబడి హిందీలో చెప్పింది. తన ఇంట్లో, తన అజాగ్రత్త వల్ల వరస బయటపడిందని. తన తల్లి దాన్ని ముగ్గనుకుని గుమ్మంలో వేసిందని. తేజశ్రీ దాన్ని చూసిందని. అందుకే వరస మారిందని, ఆ పని నుంచి తను తప్పుకుంటున్నానని.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరసలోంచి ఎవరో "రంగోలీ?" అన్నారు. హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక ఒక కుర్ర పైలట్, మర్యాదగానే, కూర్చున్న చోటునుంచే పాత పతకాల సంగతి అడిగాడు. "మేడమ్, ఔర్ పెహ్లే వాలే మెడల్?"

సదాశివరావు తల వంచుకున్నాడు. కావేరి ఆ కుర్రాడి కళ్ళలోకి చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఈ ప్రశ్న ఎదురుగా వస్తే ఏం చెప్పాలో రాత్రుళ్ళు కూడబెట్టుకుంది. ఇప్పుడు అవేవీ పనికిరావనిపించింది.

"అవి నేను ఎగిరి తెచ్చుకున్నాను. నా దగ్గర రుజువు లేదు," అంది. కూర్చుంది.

తేజశ్రీ లేచింది. తను చూసిందని, ఫోటో తీసిందని, నడిచి చూసిందని, వెంటనే ఎవరికీ చెప్పలేదని, అది తన తప్పేనని చెప్పింది. మేడమ్ నిర్దోషి అని మాత్రం అనలేదు. తనకు తెలిసిందే చెప్పింది. జడ్జీలు చాలాసేపు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. పాత వరస చెల్లదు కాబట్టి, అంతా దాచకుండా చెప్పింది కాబట్టి, కొత్తదాంతో తేజశ్రీ అందరితోపాటు ఎగరవచ్చని, కావేరి మాత్రం ఈ ఏడు జడ్జీల వైపు రాకూడదని, పైలట్లతో వరస గీసి ఇచ్చే కార్డు గురించి మాట్లాడకూడదని తేల్చారు.

మధ్యాహ్నం తన వంతు వచ్చేముందు తేజశ్రీ తాడు దగ్గరికి వచ్చింది. ప్రేక్షకుల్ని ఆపడానికి కట్టిన తాడు అది. కావేరి దానికి ఇవతల, ప్రేక్షకుల మధ్య ఉంది. పిల్ల చేతులు ఖాళీగా ఉన్నాయి. కార్డు విమానం దగ్గరే వదిలి వచ్చింది.

"మేడమ్, నిజం చెప్పాల్నా?"

"చెప్పు."

"మొత్తం పోలే. అనుమానం ఇంకా కొంచెం ఉన్నది."

"నాకూ ఉంది," అంది కావేరి. "అమ్మ వంటింట్లోకి వెళ్ళినప్పుడు నువ్వు గుమ్మం దాటలేదని నాకు ఎవరు చెప్పాలి?"

తేజశ్రీ బిత్తరపోయింది. తర్వాత మొహం మీదికి నవ్వొచ్చి, మళ్ళీ కళ్ళలో నీళ్ళొచ్చి, ఏది ముందో తెలియక ముక్కు ఎగబీల్చింది. "మీరు మారరు మేడమ్."

"నువ్వూ మారకు. వెళ్ళు. బెల్టులు గట్టిగా బిగించమను."

పిల్ల వెళ్ళింది. కాసేపటికి చిన్న ఎర్ర విమానం ఆవ చేల మీదుగా లేచి, పలచటి ఢిల్లీ పొగలోకి ఎక్కి, చుక్కయింది. రెక్కలు అటూ ఇటూ ఊపింది. మొదలుపెడుతున్నానని గుర్తు.

మొదటిది బాగా వచ్చింది. రెండోది కాస్త ఒరిగింది. ఇంజన్ గొంతు పెరిగింది. విమానం నిటారుగా ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఆగిపోయేట్టుంది. తాడు దగ్గర జనం తలలన్నీ పైకి లేచాయి. కావేరి మెడ నొప్పి పెడుతున్నా దించలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, తేజశ్రీ చెయ్యి తర్వాత ఎటు కదులుతుందో ఆమెకు ముందుగా తెలియదు.

పక్కన కొడుకును భుజాల మీద ఎత్తుకున్న ఒకతను ఆమెను గుర్తుపట్టాడు. "ఆప్ తో చాంపియన్ హైఁ నా?" అని, ఈ పిల్ల ఇప్పుడేం చేస్తుందని అడిగాడు. "అబ్ క్యా కరేగీ యే?"

"నాకు తెలియదు," అంది కావేరి, తెలుగులోనే, పైకి చూస్తూ.